గుంతలో కాలుతున్న ఉన్ని

సంపాదకులు గారికి, నమస్కారం.

మాది నారాయణపేట జిల్లా. ఇంట్లో ఇప్పటికీ అరవై దాకా దక్కనీ నల్ల గొర్రెలున్నాయి. ఏడాదికి రెండుసార్లు కత్తెర వేయించాల్సిందే. ఒకప్పుడు ఉన్ని కొనేవాళ్లు ఇంటికే వచ్చేవారు. మా నానమ్మ వడికేది, గొంగడి పడుగుకు చింతగింజల గంజి పట్టించేది. ఇప్పుడు కత్తెర కూలి మేమే ఇచ్చుకుని, ఉన్నిని దొడ్డి వెనక గుంతలో కాలబెడుతున్నాం.

మా నాన్నకు షుగర్. కాలి పుండుకు ఆస్పత్రిలో కొల్లాజెన్ (చర్మంలో ఉండే ఒక ప్రొటీన్) కట్లు వేశారు. బిల్లు చూసి, "దేంతోని చేస్తర్రా ఇది?" అన్నాడు. పశువుల తోలు నుంచి కూడా తీస్తారని చెప్పాను. "మరి మన ఉన్నితోని ఎందుకు చెయ్యరు?"

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. అయినా ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు.

ఉన్ని కాలేటప్పుడు వచ్చే కంపు గంధకానిది. ఉన్నిలో ఎక్కువ భాగం కెరాటిన్ అనే ప్రొటీన్. మన జుట్టు, గోళ్లలో ఉండేదీ అదే. గంధకపు బంధాలు దాని పోగులను గట్టిగా పట్టి ఉంచుతాయి కాబట్టే ఉన్ని ఎంత నానినా కరగదు. సోడియం సల్ఫైడ్ లాంటి రసాయనంతో ఆ బంధాలు తెంపి, వడకట్టి, సన్నని పొర సంచిలో పోసి, నీళ్లు మారుస్తూ రసాయనం పోయేదాకా ఉంచి ఆరబెడితే కెరాటిన్ పొడి వస్తుంది. దాన్ని జెల్‌గానో స్పాంజిగానో మలిచి గాయం మీద వేస్తే కొత్త కణాలు పట్టుకుని పెరగడానికి ఆసరా దొరుకుతుంది. న్యూజిలాండ్ గొర్రెల ఉన్నితో ఇలాంటి కట్లు ఇప్పటికే తయారయ్యాయి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ కూడా కెరాటిన్ మీద పనిచేస్తోంది. మన ఉన్ని ముతకదని బట్టల మిల్లులు వద్దంటాయి, కరిగించేదానికి ముతకైతేనేం?

రేపే కోట్లు వస్తాయని నేననను. మా ఉన్నిలో పేడ, పల్లేరుకాయలు, గొర్రెలకు పట్టించిన పురుగుమందు అన్నీ ఉంటాయి. నలుపు రంగు తీయడం అదనపు పని. గాయం మీద వేసేది ఏ మందలో కత్తిరించిందో కూడా తెలియాలి. అందుకే ల్యాబ్ కంటే ముందు కావాల్సింది ఉన్నిని ఏరి, కడిగి, తూకం వేసే చోటు.

2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. కానీ 2017 నుంచి సబ్సిడీ మీద పంచిన వాటిలో చాలావరకు నెల్లూరు జాతి, వాటికి ఉన్నే ఉండదు. మాంసం లెక్కే చూశారు, దక్కనీ గొర్రెను ఎవరూ పట్టించుకోలేదు.

పశుసంవర్ధక శాఖ వారికి నా విన్నపం ఒక్కటే. గొర్రెల పెంపకందారుల సంఘాల ద్వారా ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో ఒక్క మండలంలోనైనా ఉన్ని కొనుగోలు కేంద్రం పెట్టి, కడిగిన సరుకును చెన్నై సంస్థకు పంపి చూడండి. కిలోకు ఇంత అని ముందే ధర చెప్పాలి, కనీసం కత్తెర కూలి గిట్టేంత. వచ్చే కత్తెర లోపు ఆ చోటు ఎక్కడో చెబితే మా ఉన్ని పల్లేరుకాయలు ఏరి నేనే మోసుకొస్తాను.

– ఒక కెమిస్ట్రీ లెక్చరర్, నారాయణపేట జిల్లా