విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: పరికరంతో పాటు దాన్ని నడిపే మనిషికీ నిధి కేటాయించండి

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మేము వానమాపకాలు, సైరన్లు బిగించి సరిచూసేవాళ్లం, విపత్తుల్లో సాయపడే గ్రామ దళాలకు శిక్షణ ఇచ్చేవాళ్లం. 2027 నాటికి ప్రపంచంలో ప్రతి ఒక్కరికీ ముందస్తు హెచ్చరిక అందాలని ఐక్యరాజ్యసమితి 2022లో లక్ష్యం పెట్టుకుంది. ఇరవై నాలుగు గంటల ముందు తెలిస్తే నష్టం 30 శాతం వరకు తగ్గించవచ్చని వాతావరణ మార్పులను తట్టుకోవడంపై పనిచేసిన అంతర్జాతీయ సంఘం గ్లోబల్ కమిషన్ ఆన్ అడాప్టేషన్ 2019లో లెక్కగట్టింది. ఆ లక్ష్యం కోసం పరికరాలు కొంటున్నారు, మంచిదే. కానీ టెండరు పత్రంలో కొనుగోలు ఉంటుంది, బిగింపు ఉంటుంది, మూడో ఏడు బ్యాటరీ ఎవరు మార్చాలో మాత్రం ఉండదు. మా విన్నపమంతా ఆ లోటు గురించే.

ముందు వానమాపకం సంగతి. టిప్పింగ్ బకెట్ రకంలో గరాటు నుంచి దిగే నీటితో లోపలి చిన్న బకెట్ నిండి తూగినప్పుడల్లా ఒక లెక్క పడుతుంది. ఆ గరాటులో ఆకో, పిట్ట రెట్టో, సాలెగూడో అడ్డుపడితే నీరు చుక్కలు చుక్కలుగా దిగుతుంది. బయట కుండపోత కురుస్తున్నా కంట్రోల్ రూమ్ తెర మీద చిరుజల్లే కనిపిస్తుంది. గరాటు పూర్తిగా మూసుకుపోతే సున్నా వస్తుంది. మాకు అన్నిటికన్నా భయం ఈ సున్నా అంటేనే. యంత్రం చెడిందని ఎవరికీ తోచదు, వాన లేదనుకుంటారు.

దీన్ని పరీక్షించడానికి ఇంజనీరు అక్కర్లేదు. గరాటు వ్యాసం 200 మిల్లీమీటర్లయితే దాని వైశాల్యం సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. అందులో 314 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే 10 మిల్లీమీటర్ల వానతో సమానం. ఒక్కో తూగుకు 0.2 మిల్లీమీటర్లు లెక్కించే బకెట్ 50 సార్లు తూగాలి. 45 సార్లే తూగితే పదో వంతు వాన లెక్కలోకి రావడం లేదన్నమాట. నీళ్లు ఒక్కసారిగా గుమ్మరించకూడదు. సీసా మూతకు సన్నటి రంధ్రం పెట్టి అరగంట పాటు దిగేలా చేయాలి. వేగంగా పోస్తే బకెట్ ఒరిగే క్షణంలో పడిన నీరు లెక్క తప్పుతుంది. జడివానలోనూ ఇదే జరుగుతుంది, అందుకే మామూలు గాజు కొలజాడీ ఉన్న మాపకం ఒకటి పక్కనే ఉంచాలి. చెట్టు గానీ గోడ గానీ దగ్గర్లో ఉంటే, దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో మాపకాన్ని నిలపాలి. ఇది బిగించే రోజునే చూసుకోవలసిన విషయం. తర్వాత చెట్టు పెరుగుతుంది, ఎవరూ కొలవరు.

సైరన్ల దగ్గర మోసం చేసేది బ్యాటరీ. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 వోల్టులు చూపుతుంది. 12కు పడిందంటే మిగిలింది సుమారు పావు వంతే. వారాల తరబడి అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జి చేసినా నిండదు. అలసిన బ్యాటరీ ఊరికే కొలిస్తే 12.6 చూపి, సైరన్ ఆన్ చేయగానే కుప్పకూలుతుంది. అందుకే మీటరు పెట్టి చూస్తే చాలదు. నెలకోసారి, ఊరికి ముందే చెప్పిన సమయంలో, ఒక నిమిషం మోగించి, మోగుతుండగానే వోల్టేజీ రాసుకోవాలి. సౌర ఫలకంతో నడిచేవాటికి ఇంకో చిక్కుంది: తుపానుకు ముందు రోజుల్లో మబ్బు కమ్మి ఛార్జి తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే సైరన్ అవసరం పడుతుంది.

ఫోన్ల మీదే ఆధారపడవద్దని కూడా మనవి. ఎస్సెమ్మెస్‌లు ఒక్కొక్కటిగా వెళ్తాయి, రద్దీలో ఇరుక్కుంటాయి. సెల్ బ్రాడ్‌కాస్ట్ అయితే టవరు పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి చేరుతుంది. కానీ కరెంటు పోయాక టవరు బ్యాకప్ కొన్ని గంటలే ఉంటుంది. ఆ తర్వాతి మాట వీహెచ్‌ఎఫ్ (రేడియో తరంగాల) వాకీటాకీలు, మెగాఫోన్లు, ఇల్లిల్లూ తట్టే మనుషుల ద్వారానే వెళ్లాలి. సందేశంలో "అప్రమత్తంగా ఉండండి" అని రాస్తే ఎవరూ కదలరు. ఏ వీధికి, ఎన్ని గంటలకు, ఎంత లోతు నీరు వస్తుంది, ఏ దారిన ఎక్కడికి వెళ్లాలి అన్నది ఉండాలి.

ఈ మనుషులను తయారుచేసిన అనుభవం బంగ్లాదేశ్‌కు ఉంది. 1970 నాటి తుపాను అక్కడ మూడు లక్షలమందికి పైగా ప్రాణాలు తీసింది. 1972లో మొదలైన తుపాను సన్నద్ధత కార్యక్రమంలో ఇప్పుడు 70 వేలకు పైగా స్వచ్ఛంద కార్యకర్తలున్నారు, వారిలో సుమారు సగం మహిళలు. వారికి మెగాఫోన్లు, సైరన్లు, సంకేత జెండాలు ఇచ్చారు, ఏళ్ల తరబడి కసరత్తు చేయించారు.

మన శిక్షణ ఇంకా గదిలో స్లైడ్ల దగ్గరే ఉంది. ఇసుక బస్తాను నోటిదాకా నింపితే బిర్రుగా ఉండి పక్క బస్తాతో అతుక్కోదు, సందుల్లోంచి నీరు వస్తుంది. సగం నుంచి మూడింట రెండు వంతుల వరకే నింపి, మూతి కిందకు మడిచి, గోడలో ఇటుకల్లా, కింది వరుస సందు మీద పై బస్తా వచ్చేలా పేర్చాలి. ఇది వింటే రాదు, పది బస్తాలు మోస్తే వస్తుంది. తాగునీటిని శుద్ధి చేసే బ్లీచింగ్ పౌడరూ అంతే. తాజా పొడిలో క్లోరిన్ 30 శాతానికి పైనే ఉంటుంది, సంచి తెరిచి తేమలో పెడితే నెలల్లో బలం పోతుంది, కాబట్టి చెంచాల లెక్క నమ్మకూడదు. బురద నీటిని ముందు తేర్చి, క్లోరిన్ కలిపి, 30 నిమిషాల తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల శేష క్లోరిన్ (నీటిలో ఇంకా మిగిలిన క్లోరిన్) ఉందో లేదో కిట్‌తో చూడాలి. దళంలో ప్రతి ఒక్కరూ తమ చేత్తో చేసి చూపాకే శిక్షణ పూర్తయినట్టు నమోదు చేయండి. ఏడాదికి ఒక్కసారైనా రాత్రిపూట, కరెంటు ఆపి కసరత్తు చేయించండి.

వచ్చే బడ్జెట్‌లో పరికరాల విలువలో ఏటా 15 శాతం నిర్వహణకు విడిగా కేటాయించమని కోరుతున్నాం. ఒక్కో పరికరానికి ఊళ్లోనే ఇద్దరు బాధ్యులుండాలి, వారిలో ఒకరు మహిళ కావాలి, ఇద్దరికీ గౌరవ వేతనం ఇవ్వాలి. బ్యాటరీ, ఫ్యూజులు, బకెట్ విడిభాగాలు మండల స్థాయిలోనే నిల్వ ఉండాలి. సరఫరాదారుకు చివరి వాయిదా సొమ్మును ఒక వానాకాలం మొత్తం నెలవారీ పరీక్షల రిజిస్టర్ చూశాకే విడుదల చేయండి. ఆ రిజిస్టర్ ఎలా ఉండాలో ఒక పేజీ నమూనా మా దగ్గర సిద్ధంగా ఉంది. మీ శాఖ అధికారులు పిలిస్తే పరికరాలతో సహా వచ్చి చేసి చూపిస్తాం.

భవదీయులు,
క్షేత్రస్థాయి సాంకేతిక సిబ్బంది, శిక్షకులు