2024-25 వార్షిక నివేదిక: డక్టు గది తాళంచెవి

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా ఈ నివేదికలో లిఫ్టు, నీళ్ళ ట్యాంకర్లు, పార్కింగు తగాదాలు ముందుంటాయి. ఈసారి వాటిని చివరికి నెట్టాను. కార్యవర్గం పదిసార్లు సమావేశమైతే ఏడుసార్లు మాట్లాడుకున్నది ఇంటర్నెట్ గురించే. మన ఇళ్ళలోకి అది ఎవరి తీగలో రావాలి, ఆ నిర్ణయం ఎవరిది అన్నదే ఈ ఏడాది మనకు పెద్ద పని అయింది.

జూన్‌లో బి బ్లాకు మూడో అంతస్తు సభ్యులొకరు కొత్త కంపెనీ ఫైబరు కనెక్షను అడిగారు. వచ్చిన కుర్రవాడు కేబుల్ చుట్ట భుజాన వేసుకుని సెల్లారులోని డక్టు గది (అన్ని ఫ్లాట్లకూ తీగలు వెళ్ళే దారి మొదలయ్యే గది) ముందు గంటసేపు నిలబడి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. గదికి తాళం ఉంది. తాళంచెవి సెక్యూరిటీ దగ్గర లేదు, నా దగ్గరా లేదు. అప్పటికే మనకు నెట్ ఇస్తున్న కంపెనీ టెక్నీషియన్ జేబులో ఉంది. మన గదికి మనం పరాయివాళ్ళం ఎలా అయ్యామని పాత ఫైళ్ళు తిరగేస్తే అసలు సంగతి తెలిసింది. డక్టులో ఇంకెవరి తీగా పోకూడదని బిల్డరు ఆ కంపెనీకి పదేళ్ళకు రాసిచ్చాడు. బదులుగా గేటు దగ్గర నాలుగు కెమెరాలు, క్లబ్ హౌసులో ఉచిత వైఫై. ఆ వైఫై ఎన్నడైనా పనిచేయగా చూసినవారు ఉంటే నాకు చెప్పండి.

212 ఫ్లాట్లకు ఒకటే దుకాణం. నెట్ పోతే ఫోను చేయాలి, ఎత్తకపోతే మళ్ళీ చేయాలి. మీది మానేసి వేరేది పెట్టుకుంటామని అనే వీలు మాత్రం లేదు.

కంపెనీ ప్రతినిధిని పిలిచి మాట్లాడాం. భవనాల్లోకి ఒక్క సంస్థకే దారి ఇచ్చే ఒప్పందాలు కూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 జనవరిలోనే చెప్పిందని గుర్తు చేశాం. అది సిఫార్సే గాని చట్టం కాదు కదా అని ఆయన నవ్వాడు. నిజమే. మాకు అక్కరకు వచ్చింది టెలికాం చట్టం కాదు, ఇళ్ళ చట్టం. ఇళ్ళ కొనుగోలుదారుల కోసం వచ్చిన 2016 రెరా చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి స్థలాలను బిల్డరు ఫ్లాటు యజమానుల సంఘానికి రాసివ్వాలి. మనకు రాసిచ్చాడు కూడా. తనది కాని డక్టు మీద అతని మాట ఇంకా ఎన్నేళ్ళు చెల్లుతుందని మన న్యాయవాది రెండు పేజీల ఉత్తరం రాశారు. భవనాల డిజిటల్ సదుపాయాలకు స్టార్ రేటింగ్ ఇచ్చే నిబంధనలను ట్రాయ్ 2024 అక్టోబరు 25న తెచ్చాక, రేపు ఫ్లాటు అమ్ముకునేటప్పుడు ఆ నక్షత్రాలు కూడా లెక్కలోకి వస్తాయన్న వాదన మన సభ్యుల్లో చాలామందికి ఎక్కింది.

అంతకుముందే, సెప్టెంబరులో, కంపెనీ దిగివచ్చింది. మరో మూడేళ్ళు వేరెవరినీ రానివ్వకపోతే ప్రతి ఫ్లాటుకూ ఆరు నెలలు నెట్ ఉచితం అంది. ప్రత్యేక సర్వసభ్య సమావేశంలో ఇదే పెద్ద చర్చ. ఇంటికి వచ్చిన లక్ష్మిని కాదనడం దేనికని కొందరు పెద్దలు గట్టిగానే అడిగారు. వారికి జవాబు ఇచ్చింది నేను కాదు, టెలిఫోను శాఖలో పనిచేసి రిటైరైన ఎ బ్లాకు పెద్దాయన. ఆయన పదేళ్ళ వెనక్కి వెళ్ళారు.

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్.ఆర్గ్‌ను మన దేశంలో మొదలుపెట్టినప్పుడు తొలి ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. ఎంపిక చేసిన కొన్ని సైట్లు ఉచితం, మిగతా ప్రపంచానికి డబ్బు కట్టాలి. తర్వాత దానికే ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చారు. 2015 ఏప్రిల్‌లోనే ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. అందులో ఖర్చు సైటు యజమాని భరిస్తాడు, చూసేవాడికి ఉచితం. చేరాలనుకున్న ఫ్లిప్‌కార్ట్, జనం మండిపడేసరికి కొద్ది రోజుల్లోనే తప్పుకుంది. ఇలాంటివి వద్దంటూ ట్రాయ్‌కి పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. చివరికి 2016 ఫిబ్రవరి 8న, చూసే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టడాన్ని ట్రాయ్ నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల జరిమానా. 2018లో నెట్ న్యూట్రాలిటీ (నెట్‌లో అన్ని సైట్లనూ సమానంగా చూడాలన్న) సూత్రాలు టెలికాం లైసెన్సు షరతుల్లోకి చేరాయి.

మన వ్యవహారం అచ్చంగా అదే కాదని కూడా ఆయనే చెప్పారు. అక్కడి పోరు తీగలో ఏమి పారాలన్నది, ఇక్కడిది ఏ తీగ లోపలికి రావాలన్నది. "కానీ ఆరు నెలల తర్వాత బిల్లు ఎంత వేస్తాడో అడిగారా?" అన్నారు. ఎవరూ అడగలేదు. 118 ఓట్లు డక్టు తెరవాలని, 61 వద్దని పడ్డాయి.

నవంబరు నుంచి డక్టులో మూడు కంపెనీల తీగలు ఉన్నాయి. నెల తిరగకముందే పాత కంపెనీ మన ప్లాను ధర 200 రూపాయలు తగ్గించింది. ఇప్పుడు రెండో రింగుకే ఫోను ఎత్తుతున్నారు. ప్రతి కంపెనీ దగ్గరా డక్టు అద్దె వసూలు చేద్దామని కోశాధికారి ప్రతిపాదించారు. నేను ఒప్పుకోలేదు. ఆ అద్దె మళ్ళీ మన బిల్లులోనే తేలుతుంది, పైగా ఎక్కువ ఇచ్చేవాడి మీద మనకే మొగ్గు పుడుతుంది. స్విచ్ పెట్టెలకు అయ్యే కరెంటు ఖర్చు మాత్రం ముగ్గురి దగ్గరా ఒకే లెక్కన తీసుకుంటున్నాం. అన్నీ బాగున్నాయని అనను. సి బ్లాకు షాఫ్టులో తీగలు జడల్లా చిక్కుపడి ఉన్నాయి. ఏది ఎవరిదో తెలిసేలా రంగుల పట్టీలు కట్టించే పని సగంలో ఉంది.

మొబైల్ ధరలు మన చేతిలో లేవు. 2024 జులై 3, 4 తేదీల్లో మూడు ప్రైవేటు కంపెనీలూ వరసగా పెంచేశాయి. జియోలో రోజుకు 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాను 239 నుంచి 299 అయింది. ముగ్గురే మిగిలిన సంతలో ధర ఇలాగే కదులుతుంది. బీఎస్‌ఎన్‌ఎల్ పెంచలేదు, మనలో కొందరు అటు మారారు. సిగ్నల్ కోసం బాల్కనీలోకి వచ్చి మాట్లాడుతున్నది వారే.

మన రాత్రి వాచ్‌మన్‌ది మీటల ఫోను. నెట్ లేని ఆ ఫోనుకు ప్రతి 28 రోజులకూ డేటాతో కలిపి రీచార్జి చేయించుకునేవాడు. మాటలు, సందేశాలకే విడిగా ప్యాకులు ఉండాలని, గడువు 365 రోజుల దాకా ఉండవచ్చని ట్రాయ్ 2024 డిసెంబరు 23న నిబంధన తెచ్చింది. జనవరిలో అవి వచ్చాయి. ఆ తర్వాత రెండు ఆదివారాలు క్లబ్ హౌసులో బల్ల వేసుకుని కూర్చున్నాం. పనివారు, పెద్దవారు కలిపి 37 మంది ప్యాకు మార్చుకున్నారు. ఈ ఏడాది నాకు అన్నిటికంటే తృప్తి ఇచ్చిన పని ఇదే.

ఆ బల్ల దగ్గరే ఒహాయోలో కూతురు ఉన్న సభ్యురాలు ఒక వార్త చెప్పారు. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2024 ఏప్రిల్‌లో తిరిగి తెచ్చిన నెట్ న్యూట్రాలిటీ నిబంధనలను సిన్సినాటిలోని అప్పీళ్ళ కోర్టు 2025 జనవరి 2న కొట్టివేసింది. అక్కడ లేనిది మన దగ్గర ఉందా అని అందరూ ఆశ్చర్యపోయారు. ఉంది. అయితే పెద్ద యాప్‌ల నుంచి నెట్‌వర్కు ఖర్చులో వాటా ఇప్పించాలని మన టెలికాం కంపెనీలూ అడుగుతూనే ఉన్నాయి.

మిగతావి క్లుప్తంగా: రెండో లిఫ్టు తాడు మార్చాం. వేసవి ట్యాంకర్ల ఖర్చు పోయిన ఏడాది కంటే తగ్గింది. పార్కింగు తగాదాలు తగ్గలేదు. న్యాయవాది ఫీజు 38,000 రూపాయలు, పూర్తి లెక్కలు కోశాధికారి విడిగా ఇస్తారు.

డక్టు గది తాళంచెవి ఇప్పుడు సెక్యూరిటీ గదిలో రెండో మేకుకు, నీలం దారంతో వేలాడుతోంది. ఏ కంపెనీ మనిషి వచ్చినా రిజిస్టరులో సంతకం చేయించుకుని ఇవ్వాలి, సాయంత్రం ఆరులోగా తిరిగి తీసుకోవాలి.

ఇట్లు,
కార్యదర్శి