ఫోనుకున్న నియమం టీవీకి వద్దా?

సంపాదకుల వారికి నమస్కారం.

మన దేశంలో అమ్మే సెల్‌ఫోన్లకు ఒక నియమం ఉంది. ప్రతి హ్యాండ్‌సెట్‌లోనూ 22 భారతీయ భాషల అక్షరాలు సరిగ్గా కనిపించాలి. ఇంగ్లీషు, హిందీ కాకుండా కనీసం ఇంకొక భారతీయ భాషలో టైపు చేసుకునే వీలుండాలి. 2016లో వచ్చిన ఐఎస్ 16333 అనే భారతీయ ప్రమాణంలో మూడో భాగం చెప్పేది ఇదే. అయితే అది ఫోన్లకే. టీవీలు, టీవీకి తగిలించే స్ట్రీమింగ్ బాక్సులు, స్టిక్కులు దాని కిందకు రావు. వాటికీ ఇలాంటి నియమం పెట్టాలని అడగడానికే ఈ ఉత్తరం.

కోనసీమ ఊళ్లలో టీవీలు, బాక్సులు బిగించడం నా వృత్తి. ఒకప్పుడు డిష్ తిప్పి సిగ్నల్ పట్టిస్తే పని అయిపోయేది. ఇప్పుడు ఇంటింటికీ ఇంటర్నెట్ కేబులు వచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకో, కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తున్న తల్లో ఇంటికి ఒక బాక్సు కొనిపెడతారు. బిగించడం నిమిషాల పని. ఆ తర్వాత మొదలవుతుంది టెన్షన్. వైఫై పాస్‌వర్డ్ కొట్టాలి, మెయిల్ ఐడీ కొట్టాలి, కావలసిన వీడియో పేరు కొట్టాలి. చేతిలో ఉన్నది నాలుగు బాణాలు, మధ్యలో ఓకే ఉన్న రిమోట్. తెర మీద ఏబీసీడీలు.

కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్ర శకటంగా వెళ్లింది. దాన్ని టీవీలో చూద్దామనుకున్న పెద్దాయన ఇంగ్లీషులో ఏమని కొట్టాలి? బి తర్వాత హెచ్ ఉందా లేదా? తీర్థంలో టి తర్వాత ఐ పెట్టాలా, రెండు ఈలు పెట్టాలా? ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు, దాన్నిబట్టి వచ్చే వీడియోలూ మారిపోతుంటాయి. అదే తెలుగులో రాస్తే ఒకటే స్పెల్లింగు. పైగా భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అయిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ‘ప్రభల’ అని రాయడానికి ప, పొల్లు, ర, భ, ల, భ కోసం ఒక షిఫ్టు, మొత్తం ఆరు మీటలు చాలు. ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు కావాలి. బాణం బటన్ నొక్కుతూ ఒక్కో అక్షరం దగ్గరికి వెళ్లే చోట ఈ తేడా చిన్నదేమీ కాదు. తెలుగు అక్షరాలు ఎక్కువ కాబట్టి టీవీలో కుదరదు అనేవాళ్లు ఒకసారి రిమోట్ పట్టుకుని రెండూ కొట్టి చూడాలి.

సరదా సంగతే అనుకోకండి. కొబ్బరి తోటలకు సర్పిలాకార తెల్లదోమ పట్టి ఇక్కడి రైతులు కొన్నేళ్లుగా ఇబ్బంది పడుతున్నారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వారు చెప్పే నివారణ పద్ధతులను పెద్ద తెర మీద ఇంటిల్లిపాదీ చూసి తెలుసుకోవచ్చు. కానీ వెతకడం దగ్గరే ఆగిపోతున్నారు. పిల్లలు బడి నుంచి వచ్చేదాకా టీవీ ముందు ఎదురుచూసే రైతులు నాకు తెలుసు.

కీబోర్డు మార్చుకోవచ్చు కదా అంటారు. ఆండ్రాయిడ్ టీవీల్లో మార్చుకోవచ్చు, నిజమే. సెట్టింగ్స్‌లో సిస్టమ్‌లోకి, కాస్త పాత వాటిలో డివైస్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళితే కీబోర్డ్ అని ఉంటుంది. మేనేజ్ కీబోర్డ్స్‌లో కొత్తదాన్ని ఆన్ చేసి, కరెంట్ కీబోర్డ్‌లో దాన్ని ఎంచుకోవాలి. కొత్తది పనిచేస్తోందని చూసుకున్నాకే పాతదాన్ని ఆపాలి. తొందరపడి ముందే ఆపేస్తే తెర మీద ఏ కీబోర్డూ రాక, రిమోట్ పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. ఈ మెనూలన్నీ తెలుగు రాని మెనూలే అయితే పెద్దవాళ్లు అంత లోపలికి వెళ్లగలరా? కొన్ని కంపెనీల పరికరాల్లో ఈ దారి సెట్టింగ్స్‌లో కనిపించనే కనిపించదు.

అంతా మార్చినా ఒక చిక్కు మిగులుతుంది. టీవీలోని పెద్ద వీడియో యాప్‌లు చాలావరకు తమ సొంత కీబోర్డును తామే తెర మీద గీసుకుంటాయి. సెట్టింగ్స్‌లో మీరు ఏ కీబోర్డు పెట్టారన్నది వాటికి పట్టదు. ఇంటివాళ్ల ముందు గొప్పగా కీబోర్డు మార్చి చూపించాక, యాప్ తెరవగానే మళ్లీ పాత ఏబీసీడీలే వస్తే మెకానిక్ ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి. కాబట్టి నియమం పెడితే పరికరానికి మాత్రమే కాదు, అందులో ముందుగానే వేసి అమ్మే యాప్‌లకూ వర్తించాలి.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది పెన్‌డ్రైవ్ వ్యాపారం. టీవీ యాప్ స్టోర్‌లో తెలుగు కీబోర్డు దొరకకపోతే, ఎక్కడి నుంచో దించిన ఏపీకే ఫైలు, అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఎక్కించేవాళ్లు తయారయ్యారు. వంద రూపాయలు ఇస్తే పని అయిపోతుంది. కీబోర్డు అంటే మనం కొట్టే ప్రతి అక్షరమూ దాని చేతిలోంచి పోతుంది. అందుకే వేరే కీబోర్డును ఆన్ చేసేటప్పుడు ఆండ్రాయిడే హెచ్చరిస్తుంది, మీరు టైపు చేసే పాస్‌వర్డులు, కార్డు నంబర్లు సహా అన్నీ ఇది సేకరించగలదు అని. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో వస్తే చదివేదెవరు? ఓకే నొక్కేస్తారు. ఎక్కించినవాడిని తప్పుపట్టి లాభం లేదు, వాడి దగ్గరికి జనం వెళ్లేలా చేసింది లోపల తెలుగు లేని బాక్సు.

ఇంకో మాట కూడా చెప్పాలి. రిమోట్‌తో కొట్టలేక చాలామంది తమ మెయిల్ పాస్‌వర్డు నాకు పైకే చదివి వినిపిస్తారు. వద్దండీ, మీరే కొట్టండి అంటే, ‘నీకు తెలిస్తే ఏమవుద్దయ్యా, మనోడివేగా’ అంటారు. నమ్మకం మంచిదే. కానీ అదే మెయిల్‌తో వాళ్ల ఫోనూ నడుస్తుంది, ఫొటోలూ అందులోనే ఉంటాయి.

రిమోట్‌లో మైకు ఉందిగా, తెలుగులో మాట్లాడితే సరిపోదా అని అడుగుతారు. మాట్లాడి వెతకడం నిజంగా బాగా పనికొస్తుంది, కాదనను. కానీ మైకు లేని రిమోట్‌తో వచ్చే చౌక బాక్సులు బోలెడు. పాస్‌వర్డును నోటితో చెప్పకూడదు. మాట సరిగా రానివాళ్లు, పక్షవాతంతో నోరు తిరగనివాళ్లు ఉన్నారు. వీధిలో మైకు సెట్టు మోగుతుంటే ఆ పరికరానికి ఏమీ వినపడదు. మైకు ఉందని రాతను తీసెయ్యలేం.

ఫోన్‌నే రిమోట్‌గా, కీబోర్డుగా వాడుకునే పద్ధతి ఇప్పటికి ఉన్నవాటిలో మేలైనది. గూగుల్ టీవీ యాప్ ఫోన్‌లో వేసుకుంటే, టీవీలో టైపు చేసే గడి తెరవగానే ఫోన్ కీబోర్డు వస్తుంది, అందులో తెలుగు ఉంటే తెలుగులోనే కొట్టొచ్చు. ఫోను, టీవీ రెండూ ఒకే వైఫై మీద ఉండాలి. మా వైపు ఫోను సిమ్ డేటా మీద, టీవీ కేబుల్ నెట్ మీద ఉంటాయి, అక్కడే కలవదు. లాగిన్ వరకైతే తెర మీద వచ్చే క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసే వీలు చాలా యాప్‌లలో ఉంది, దాన్ని వాడుకోండి. బామ్మ ఒక్కతే ఉన్న ఇంట్లో ఉన్నది మీటల ఫోన్ అయితే మాత్రం ఇవేవీ అక్కరకు రావు.

సాంకేతికంగా కష్టం కాబట్టి ఆగిందనడానికి లేదు. కంప్యూటర్లలో అన్ని లిపులకూ వాడే యూనికోడ్ ప్రమాణం 1991లో మొట్టమొదట వచ్చినప్పుడే అందులో తెలుగు లిపి ఉంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అదే ఏడాది ఐఎస్ 13194 ప్రమాణంలో భాగమైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు, దేశంలో నాలుగో స్థానం. ఇంతమంది కొనుగోలుదారులున్నా కంపెనీలు తమంతట తాము చేయలేదంటే, చేయమని ఎవరూ అడగలేదు కాబట్టే.

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖను, భారతీయ ప్రమాణాల సంస్థను కోరేది ఇది. ఫోన్ల ప్రమాణం లాంటిదే స్మార్ట్ టీవీలకు, స్ట్రీమింగ్ బాక్సులకు తేవాలి. ఫోన్ల నియమంలో ‘కనీసం ఇంకొక భాష’ అన్నారు. ఆ ఒక్కటి తెలుగే కావాలని అందులో లేదు. టీవీల విషయంలో ఆ సందు వదలొద్దు, 22 భాషల్లో దేన్నైనా మొదటిసారి ఆన్ చేసినప్పుడే ఎంచుకునేలా ఉండాలి. కీబోర్డు మార్చేటప్పుడు వచ్చే హెచ్చరికలు కూడా ఆ భాషలోనే రావాలి. పాత బాక్సులకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఇవ్వగలిగినవి ఇవ్వాలి.

రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ కోసం ఆగనక్కర్లేదు. ప్రభుత్వ సొమ్ముతో కొనే టీవీలకు, బడుల్లో పెట్టే వాటితో సహా, టెండరు షరతుల్లో తెలుగు కీబోర్డు ఉండాలని ఒక్క వాక్యం చేరిస్తే చాలు, కంపెనీలు దారికొస్తాయి. అప్పటిదాకా కొనేవాళ్లు దుకాణంలోనే బాక్సు ఆన్ చేయించి, తమ ఊరి పేరు తెలుగులో కొట్టి చూపించమని అడగాలి. చూపించలేకపోతే ఇంకో మోడల్ చూడండి.

ఇట్లు,
ఒక టీవీ మెకానిక్,
పి. గన్నవరం మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా