కేస్లాపూర్ అక్కకి, బావకి చాలా థాంక్స్

ఈసారి పుష్య అమావాస్యకి అమ్మని తీసుకుని, కేస్లాపూర్‌లో గోండులు నాగదేవుడికి చేసే నాగోబా జాతరకి వెళ్లొచ్చాను. మాది తెనాలి. ఆదిలాబాద్ అడవుల్లో మాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఫోన్లో మాట్లాడుకున్న గది తీరా వెళ్లాక వేరేవాళ్లకి ఇచ్చేశామన్నారు. పొద్దుగూకుతోంది, ఎముకలు కొరికే చలి, పైగా అమ్మకి మోకాళ్ల నొప్పులు. బాగా టెన్షన్ పడ్డాను.

మా అవస్థ చూసి ఆటో నడిపే తమ్ముడే తన చిన్నమ్మకి ఫోన్ కొట్టాడు. నేరుగా కేస్లాపూర్ తీసుకెళ్లి ఆ ఇంటి ముందు దింపి, ముందు చెప్పిన కిరాయికి మించి రూపాయి తీసుకోలేదు. థాంక్స్ తమ్ముడూ.

ఇక అక్క. మాది ఏ ఊరో కూడా అడక్కముందే అమ్మ కాళ్లకి వేడినీళ్లు పెట్టింది. అప్పటికే ఇంటినిండా చుట్టాలు. అయినా పొయ్యి దగ్గర చోటు చేసి, జొన్న గట్క, పప్పు వడ్డించి, "తిను అవ్వా, రాత్రంత కూసోవాలె" అంది.

అక్క, ఈ జాతర జరిపే గోండుల్లోని మెస్రం వంశం వాళ్ల కోడలు. హస్తినమడుగు నుంచి కాలినడకన గోదావరి నీళ్లు ఎలా తెస్తారో, వచ్చినవాళ్లు మర్రిచెట్ల కింద ఎందుకు ఆగుతారో, అల్లుళ్లూ ఆడపడుచులూ కలిసి పుట్ట ఎలా చేస్తారో తనే విడమరచి చెప్పింది. మహాపూజ తర్వాత, కొత్త కోడళ్లని దేవుడికి పరిచయం చేసే భేటింగ్. తెల్లచీరల్లో, ముఖం మీదికి కొంగు లాక్కుని కొత్త కోడళ్లు పెద్దావిడల వెనక వరసగా నడుస్తున్నారు. భేటింగ్ అయితేనే కోడలు ఆ ఇంటి దేవుడి పూజల్లో చేరినట్టట. తన భేటింగ్ రోజున ఎంత వణికిపోయిందో అక్క చెబుతుంటే, అమ్మ తన పెళ్లి కబుర్లు మొదలుపెట్టింది. ఇద్దరూ నవ్వుకోవడమే. రంగులరాట్నం, మిఠాయి దుకాణాలు చూసి సాయంత్రానికల్లా వెనక్కి తిరిగేవాళ్లకి ఇదంతా దొరకదు.

బావ మాట్లాడింది తక్కువ. మెస్రం వాళ్లు తామే చందాలు వేసుకుని కట్టుకుని, 2022 డిసెంబరులో ప్రారంభించుకున్న గుడి రాతిస్తంభాలు చూపించేటప్పుడు మాత్రం గొంతు మారింది. దర్బార్‌కీ తీసుకెళ్లాడు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక, గోండుల కష్టాలు వినడానికి మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పెట్టించిన దర్బార్ అది. ఇప్పటికీ అర్జీలు పట్టుకుని కూర్చునే ఉన్నారు జనం. అన్నేళ్లలో తీరాల్సినవి తీరలేదనే నాకనిపించింది.

బయల్దేరేటప్పుడు డబ్బులివ్వబోతే అక్కకి కోపమొచ్చింది. పేరు, ఫొటో పెట్టొద్దంది, పెట్టలేదు. అక్కా, అమ్మ మోకాళ్లు ఇప్పుడు నయం. నువ్వు కప్పిన రగ్గు పొరపాటున మా సంచిలో వచ్చేసిందని అమ్మ అంటోంది గానీ, నువ్వే పెట్టావని నా అనుమానం. ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో తెనాలి రండి. అమ్మ ఆదివారం ఫోన్ చేస్తుంది, ఎత్తు.