మీ కస్టమర్ సర్వీసుకు నా ఎనిమిదో ఉత్తరం

బోయిసీ, ఐడహో
ఫిబ్రవరి 9

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

విషయం: అక్టోబర్‌లో మీరు పంపిన స్నోమొబైల్ టన్నెల్, ఆ తర్వాత మీరు పంపని జవాబు

అయ్యా,

ఇంగ్లీషులో ఏడు ఈమెయిళ్ళు రాశాను. ఒక్కటీ చదవలేదని మీ జవాబులు చూస్తేనే తెలుస్తోంది. ఎలాగూ చదవరు కాబట్టి ఈ ఎనిమిదోది తెలుగులో రాస్తున్నాను. తిట్టాలన్నా బతిమాలాలన్నా నాకిందులోనే బాగా వస్తుంది.

మంచు మీద నడిచే నా బండికి సీటు కింద నడుములాంటి రేకు ఈ టన్నెల్. మీరు పంపినదానికి వెనక సస్పెన్షన్ బోల్టు పట్టే రంధ్రం ఎడమ పక్క ఒకచోట, కుడి పక్క ఇంకోచోట పడింది. దానికి నాకు కోపం లేదు. మెషీన్ మీద రేకు ఒకసారి జరిగి ఉంటుంది, ఎవరికైనా జరుగుతుంది. నా కోపమంతా ఆ తర్వాత జరిగిన భాగోతం గురించి.

థాంక్స్‌గివింగ్ అయిన సోమవారం మొదటిసారి ఫోన్ చేశాను. 42 నిమిషాలు మీ గిటార్ పాట విన్నాక ఒక కుర్రాడు దొరికాడు. మర్యాదస్తుడే. రంధ్రాలు కలవడం లేదని చెబితే, 'బోల్టు ఇంకాస్త గట్టిగా బిగించి చూశారా?' అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట. ఫోటోలు పంపమన్నాడు. టేపు పెట్టి మరీ పదకొండు తీసి పంపాను.

వారం తర్వాత ఇంకొకాయన: 'ఏ ఫోటోలు?' మళ్ళీ పంపాను. ఫైళ్ళు పెద్దవిగా ఉన్నాయన్నాడు, చిన్నవి చేసి పంపాను. అప్పుడు టేపు మీద అంకెలు కనిపించడం లేదన్నాడు.

మూడో ఆవిడ ఉంది చూశారూ, ఆవిడకు దండం పెట్టాలి. బండి గుర్తింపు నంబరు, అదే వీఐఎన్, దాని ఫోటో ఉంటేగానీ ఫిర్యాదు తీసుకోనంది. అమ్మా, ఆ నంబరు కొట్టేది టన్నెల్ కుడి పక్కనే, అంటే నేను విప్పి గోడకు ఆనించిన పాత రేకు మీద ఉంది, ఇదిగో ఫోటో అన్నాను. కాదట. బిగించిన బండి మీద నంబరు కనబడాలట. బండి బిగించాలంటే సరైన టన్నెల్ కావాలి, సరైన టన్నెల్ పంపాలంటే బిగించిన బండి ఫోటో కావాలి! మీరు అమ్మేదే టన్నెళ్ళు. అది మారిస్తే నంబరు ఎటు పోతుందో మీ ఆఫీసులో ఒక్కరికీ తెలియదా?

డిసెంబర్ 22న మీ మెయిల్ వచ్చింది. 'మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?' నా ఫిర్యాదు టికెట్ మూసేశారు. అది పండగ కానుక అనుకున్నాను.

కొత్త టికెట్ తెరిస్తే ఈసారి టెక్నికల్ ఆయన దొరికాడు. విప్పకముందే కొలుచుకోవాల్సిందనీ, ఇలాంటి పని మెకానిక్‌తో చేయించుకోవాల్సిందనీ క్లాసు పీకాడు. అయ్యా, 'మీ గరాజ్‌లో మీరే బిగించుకోండి' అని మీ డబ్బా మీదే పెద్దక్షరాలతో ఉంది. నేను కొలిచింది మీ లేబుల్ మీది పార్ట్ నంబరును. దాన్ని నమ్మడమే తప్పయితే ఒప్పుకుంటాను.

ఇంకో మాట. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీ బాడీలు కట్టారు. రేకు మీద రివెట్ ఎలా కొట్టాలో, ఎలా తీయాలో నేను నిక్కర్ల రోజుల్లోనే చూశాను. ఇక్కడ రెండు వారాంతాలు కూర్చుని కూలెంట్ వంపేశాను. ఒక్కో రివెట్ తలనీ డ్రిల్‌తో తీసి, తోకను పంచ్‌తో కొట్టాను. టన్నెల్ కింద ఉండే కూలర్లు వంగకుండా విప్పాను. కొత్త రేకును క్లీకోలతో, అంటే రివెట్ల బదులు తాత్కాలికంగా పెట్టే పిన్నులతో, నిలబెట్టి సస్పెన్షన్ పెట్టి చూశాను కాబట్టే తేడా బయటపడింది. అవేమీ చూడకుండా రివెట్లు కొట్టేసి ఉంటే మీ టెక్నికల్ ఆయన అన్న మాట నాకు తగిలేది. మా నాన్న షెడ్డులో రంధ్రం తప్పు పడితే ఓనరే టేపు పట్టుకుని వచ్చేవాడు. బూతులు తిట్టుకునేవాళ్ళు, టీ తాగేవాళ్ళు, సాయంత్రానికి పని అయిపోయేది. మీ దగ్గర తిట్టుకోవడానికైనా మనిషి దొరకడు.

సూపర్‌వైజర్ 48 గంటల్లో ఫోన్ చేస్తారని జనవరి 6న చెప్పారు. ఆ 48 గంటలు ఏ లోకంలో లెక్కపెడుతున్నారో!

2017 నుంచి నేను మీ కస్టమర్‌ని. రన్నింగ్ బోర్డులు, బంపరు, సీటు అన్నీ మీవే. జన్మలో మంచు చూడని మా గుంటూరు మిత్రులిద్దరికి ఇక్కడి మెక్కాల్ కొండల మీద బండి నేర్పించి, మీ వస్తువులే కొనిపించాను. ఇప్పుడు వాళ్ళు ప్రతి శనివారం ఆ కొండల నుంచి నాకు ఫోటోలు పంపుతున్నారు. నా బండి మాత్రం నడుము లేకుండా స్టాండు మీద పడి ఉంది. గరాజ్‌లో చోటు లేక మా ఆవిడ కారు బయటే పెడుతోంది. రోజూ పొద్దున్నే అద్దం మీద మంచు గీకేటప్పుడు ఆవిడ అనే మాటలు మీ గిటార్ పాట బదులు వేయిస్తే బాగుంటుంది.

సరైన టన్నెల్ పంపుతారో, డబ్బు వెనక్కి ఇస్తారో మీ ఇష్టం, కానీ ముందు ఒక మనిషి ఫోన్ చేసి 'ఫోటోలు చూశాం, తప్పు మాదే' అనాలి. ఈ నెలాఖరులోగా ఆ ఫోన్ రాకపోతే క్రెడిట్ కార్డు వాళ్ళకు రాస్తాను. అటార్నీ జనరల్ ఆఫీసులో వినియోగదారుల విభాగానికీ రాస్తాను. ఇక్కడ స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో 5,000 డాలర్ల దాకా లాయరు లేకుండానే దావా వేయొచ్చు. ఆ పదకొండు ఫోటోలూ పెద్ద సైజులో ప్రింటు తీయించి పెట్టుకున్నాను, జడ్జిగారికి టేపు మీద అంకెలు కనబడతాయి.

నా ట్రక్కు వెనక అద్దం మీద మీ స్టిక్కర్ ఉండేది. నిన్న హెయిర్ డ్రయర్ పెట్టి పీకడం మొదలుపెట్టాను. సగం వచ్చింది. మిగతా సగం సంగతి మార్చి 1న చూస్తాను.

ఇట్లు,
మీరు రెండుసార్లు మూసేసిన టికెట్ తాలూకు కస్టమర్

(అవును, రెండోసారి కూడా మూశారు. పోయిన గురువారం.)