ఆదివారం అమ్మలకు, అక్కాచెల్లెళ్ళకు ఫ్యాక్టర్ పరీక్ష

అందరికీ నమస్కారమండీ.

ఈ ఆదివారం ఉదయం 8 నుంచి 10 వరకు గుంటూరు బ్రాడీపేటలో, మనం ఎప్పుడూ కలిసే హాల్లోనే ఫ్యాక్టర్ (రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్) పరీక్షకు రక్తం తీస్తారు. హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న పిల్లల అమ్మలు, అక్కాచెల్లెళ్ళు, పిన్నులు, పెద్దమ్మలు రండి. "మేం క్యారియర్లమే (ఆ జబ్బు జన్యువును మోసేవాళ్ళమే) కదా, మాకేం కాదు" అనుకోవద్దు. ఫ్యాక్టర్ 40 శాతం కంటే తక్కువుంటే పన్ను పీకించుకున్నా, కాన్పయినా రక్తం ఓ పట్టాన ఆగకపోవచ్చు. నెలసరి ఏడు రోజులు దాటేవాళ్ళు తప్పక రావాలి.

మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి వెంటనే చెయ్యి చాపకండి, అరగంట కూర్చోండి. శ్రమ, కంగారు, జ్వరం ఉంటే ఫ్యాక్టర్ 8 (హీమోఫీలియా ఎ రకంలో తగ్గేది) అసలుకంటే ఎక్కువ కనిపిస్తుంది. గర్భంలోనూ అంతే, ముందే చెప్పండి.

నీలం మూత ట్యూబు గీత దాకా నిండాలి. రక్తం తక్కువైతే అందులోని సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఉంచే ద్రవం) ఎక్కువై ఫలితం తప్పొస్తుంది. ట్యూబును ఐస్‌లో పెట్టకూడదు, 4 గంటల్లోపు ల్యాబులో ఉండాలి. అందుకే విజయవాడ వాళ్ళు అక్కడ తీయించి పంపొద్దు, దయచేసి ఇక్కడికే రండి.

ఫలితం మామూలుగా వచ్చినంత మాత్రాన క్యారియర్ కాదని కాదు. అది జన్యు పరీక్షలోనే తేలుతుంది. పిల్లాడి జన్యు రిపోర్టు ఉంటే జిరాక్స్ తెండి, చాలా పని తగ్గుతుంది.

పేరు, వయసు, ఇంట్లో ఉన్నది హీమోఫీలియా ఎ రకమో (ఫ్యాక్టర్ 8 లోపం) బి రకమో (ఫ్యాక్టర్ 9 లోపం) శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే రాయండి.