ఏ విమానం ఎక్కిస్తారు మా బిడ్డను? రక్షణ మంత్రి గారికి ఒక తండ్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి,

నమస్కారం. నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక సర్కారు బడిలో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది, ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాస్తుంది. నౌకాదళంలో ఫైటర్ పైలట్ కావాలన్నది తన పట్టుదల. ఈ విషయం మీద ఇంతకుముందే అర్జీలు పెట్టాను. జిల్లాలో ఇచ్చాను, హైదరాబాద్‌లో ఇచ్చాను, ఢిల్లీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. సంతకం పడ్డ కార్డు తిరిగొచ్చింది కానీ జవాబు రాలేదు. ఒక్కసారి మాత్రం "సంబంధిత విభాగానికి పంపడమైనది" అని ఒక వాక్యం వచ్చింది. ఆ విభాగం ఏదో, అక్కడ ఆ కాగితం ఎవరు చదివారో ఇప్పటికీ తెలియదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే సర్. మా బిడ్డను మీకు అప్పజెప్తే ఏ విమానం ఎక్కిస్తారు? ఆ విమానం మీద తనకు ఎలాంటి బతుకు ఉంటుంది?

2025 జులైలో విశాఖలోని నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా పైలట్ బ్యాడ్జి అయిన వింగ్స్ అందుకున్నారు. నౌకాదళ ఫైటర్ విభాగంలోకి తీసుకున్న తొలి మహిళ ఆమే. ఆ ఫొటో మా ఇంట్లో గోడ మీద ఉంది. ఎన్‌డీఏలో మూడేళ్లు, ఆ తర్వాత కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీ, ఆపైన ఫ్లయింగ్ శిక్షణ. ఇవన్నీ దాటి మా అమ్మాయి స్క్వాడ్రన్‌లో, అంటే యుద్ధ విమానాల దళంలో, అడుగుపెట్టేసరికి 2032 దాటుతుంది. అప్పుడు డెక్ మీద, అంటే విమానాలు ఎగిరి దిగే ఓడ పైతలం మీద, ఏ విమానం ఉంటుందో కన్నవాళ్లకు తెలియాలి కదా. మీ ప్రకటనల్లో ధర ఉంటుంది, క్షిపణుల పేర్లుంటాయి. కాక్‌పిట్‌లో కూర్చునే మనిషి ఏడాదికి ఎన్ని గంటలు ఎగురుతుంది, ఎన్నిసార్లు ఓడ మీద దిగుతుంది అన్న మాట మాత్రం ఎక్కడా కనపడదు.

పైలట్ బతుకు విమానాన్ని బట్టే ఉంటుందని మన నౌకాదళ చరిత్రే చెప్తోంది. 1961లో విమానాలు మోసే ఓడ పాత విక్రాంత్ వచ్చినప్పుడు దాని మీద సీ హాక్ యుద్ధ విమానాలు ఉండేవి. ఆవిరి బలంతో పనిచేసే కాటపుల్ట్ యంత్రం విసిరితే గాల్లోకి లేచేవి. 1971 యుద్ధంలో చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీద దాడి చేసింది అవే. 1983 నుంచి సీ హారియర్ల కాలం. మిగతా విమానాలు దిగాక ఆగుతాయి, హారియర్ గాల్లోనే ఆగి తర్వాత నిలువుగా దిగుతుంది. మిగతా విమానాలను ఆపడానికి డెక్ మీద అడ్డంగా కట్టే వైర్లు, వాటిని పట్టుకునే తోక కింది హుక్ దానికి అక్కర్లేదు. కానీ అలా ఆగిన కొద్ది క్షణాల్లో ఇంజన్ ఏమాత్రం తడబడినా పట్టుకునే రెక్క లేదు, ఉన్నది ఒకే ఇంజన్. మనం కొన్న హారియర్లలో సగానికి పైగా ప్రమాదాల్లోనే పోయాయి. పైలట్లను కూడా పోగొట్టుకున్నాం. 2016లో వాటిని సాగనంపారు. హారియర్ నడిపినవాళ్ల నైపుణ్యానికి చేతులెత్తి మొక్కుతాను. అయినా మా బిడ్డను అలాంటి విమానం ఎక్కించమని ఏ తండ్రీ అడగడు.

తర్వాత వచ్చింది రష్యా మిగ్-29కే. రెండు ఇంజన్లు, మడిచే రెక్కలు, వెనక హుక్. ఇప్పుడు మనకున్న రెండు విమాన వాహక నౌకలు విక్రమాదిత్య మీదా, కొత్త విక్రాంత్ మీదా కాటపుల్ట్ లేదు. ఇంజన్లకు పూర్తి శక్తి (ఫుల్ థ్రాటిల్) ఇచ్చి విమానాన్ని చక్రాల దగ్గర పట్టి ఉంచి వదిలేస్తారు. రెండు వందల మీటర్లు కూడా లేని దారిలో పరుగెత్తి, ముందు ఎత్తుగా ఉన్న ర్యాంప్ మీదుగా సముద్రం మీదికి దూకుతుంది. దిగడం ఇంకా కష్టం. మా బడి గ్రౌండులో పిల్లలతో టేపు పట్టించి తొంభై మీటర్లు కొలిపించాను. ఒక చివర సున్నం గీత, ఇంకో చివర గీత. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో మొదటి గీత దగ్గర తాకిన విమానం రెండో గీత దగ్గర పూర్తిగా ఆగాలి. బోర్డు మీద లెక్క వేస్తే మూడు సెకన్ల లోపే. భూమి ఆకర్షణకు రెండున్నర రెట్ల బలంతో మనిషి బెల్టుల మీదికి ముందుకు తూలుతాడు. డెక్ తాకిన క్షణంలోనే పైలట్ మళ్లీ ఫుల్ థ్రాటిల్ ఇవ్వాలి, ఎందుకంటే హుక్ వైరుకు తగలకపోతే మళ్లీ లేవాల్సిందే. తొమ్మిదో తరగతి పిల్లలు ఆ రెండు గీతల మధ్య నిలబడి నోరెళ్లబెట్టారు. మా అమ్మాయి మాత్రం మౌనంగా రెండో గీత దాకా నడిచి వెనక్కి తిరిగి చూసింది.

ఇంత కష్టమైన పని చేతికి అలవాటు కావాలంటే రోజూ ఎగరాలి. కానీ 2016 కాగ్ నివేదిక ఏం చెప్పింది? ఎగరడానికి సిద్ధంగా ఉన్న మిగ్-29కేలు దాదాపు 16 నుంచి 38 శాతం మధ్యే. 65 ఇంజన్లలో 40 ఇంజన్లను లోపాల వల్ల పక్కన పెట్టాల్సి వచ్చింది. ఓడ మీద దిగడం నేర్పాల్సిన సిమ్యులేటర్ కూడా ఆ పనికి సరిపోదని తేలింది. మూడింట రెండు విమానాలు హ్యాంగర్‌లో ఉంటే ఆ పాతికేళ్ల పిల్లలు ఏం చేయాలి సర్? ఫైటర్ పైలట్‌కు చురుకైన ఏళ్లు ఎన్నో ఉండవు. విమానం బాగయ్యే దాకా ఆగమంటే ఆ ఏళ్లు ఆగవు కదా. 2018 నుంచి 2022 దాకా మిగ్-29కే ప్రమాదాల వార్తలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. 2020 నవంబర్‌లో అరేబియా సముద్రంలో కూలిన శిక్షణ విమానంలో కమాండర్ నిషాంత్ సింగ్ ప్రాణాలు కోల్పోయారు. ఆయన కోసం వెతికిన రోజులన్నీ మా ఇంట్లో టీవీ ఆపలేదు. అప్పటికి మా అమ్మాయి చిన్నపిల్ల. ఆ వార్తలు చూశాక కూడా తన మాట మార్చుకోలేదు.

2025 ఏప్రిల్ 28న నౌకాదళానికి 26 ఫ్రెంచ్ రఫేల్ యుద్ధ విమానాలకు ఒప్పందం చేసుకున్నారు. దాదాపు 63 వేల కోట్లు. మంచి పని. ఆ రోజు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. గోవాలో ర్యాంప్ మీద పరీక్షించి, అమెరికా సూపర్ హార్నెట్‌తో పోల్చి చూశాకే ఎంచుకున్నారు. ఫ్రాన్స్ నౌకాదళం తన ఓడ చార్లెస్ డి గాల్ మీద ఏళ్లుగా నడిపిన విమానం. చేతికి వచ్చిన విమానం నమ్మకంగా ఎగిరితే పైలట్ బతుకే మారిపోతుంది. కానీ 26లో 22 మాత్రమే ఓడ మీద దిగేవి. మిగతా నాలుగూ రెండు సీట్లవి, అవి ఓడ మీద దిగలేవు. మిగ్‌లో రెండు సీట్ల విమానం కూడా డెక్ మీద దిగుతుంది, గురువు వెనక సీట్లో ఉండగలడు. రఫేల్‌లో మొదటిసారి ఓడ మీద దిగే పిల్ల ఒంటరిగానే దిగాలి.

నా బాధంతా ఇక్కడే ఉంది. మన నౌకాదళ పిల్లలు డేగాలో హాక్ అనే శిక్షణ జెట్ మీద నేర్చుకుంటారు. ఆ హాక్‌కు హుక్ లేదు, అది ఓడ మీద దిగదు. అదే హాక్ నుంచి అమెరికా నౌకాదళం టీ-45 చేయించుకుంది, హుక్ పెట్టించింది, చక్రాల కాళ్లు గట్టి చేయించింది. దశాబ్దాల పాటు వాళ్ల పిల్లలు దాని మీదే మొదటిసారి ఓడ ఎక్కారు. ఫ్రాన్స్ తన పైలట్లను అక్కడికే పంపి నేర్పించింది. మనవాళ్లలో కూడా కొందరు ఒకప్పుడు వెళ్లి నేర్చుకొచ్చారు. ఇప్పుడు విమానంలో కంప్యూటర్ సాయం పెరిగాక అమెరికా ఆ పద్ధతిని మార్చుకుంటోందని తెలుసు. వాళ్ల దగ్గర సిమ్యులేటర్లున్నాయి, డెక్‌లున్నాయి, ఎగరడానికి విమానాలున్నాయి. మన దగ్గర గోవాలో నేల మీద కట్టిన ర్యాంప్, వైర్లు ఉన్నాయి. అక్కడ నేర్చుకుని, ఆపైన నేరుగా యుద్ధ విమానంతోనే కదులుతున్న ఓడ మీదికి. బాయి గట్టున ఈత నేర్పి కృష్ణలో దింపినట్టు ఉంది. హుక్ ఉన్న శిక్షణ విమానం మనకెందుకు లేదు? ఇరవై ఏళ్లుగా కాటపుల్ట్ లేని ఓడలకు సిద్ధమవుతున్న దేశం ఈ ఒక్క మెట్టు ఎందుకు కట్టుకోలేదు? ఈ ప్రశ్న అర్జీలో రాశాను. మళ్లీ రాస్తున్నాను.

మన సొంత విమానం మాట కూడా అడగాలి. 2020 జనవరి 11న కమోడోర్ జైదీప్ మావ్‌లంకర్ తేజస్ నౌకాదళ నమూనాను విక్రమాదిత్య మీద దించినప్పుడు మా బడిలో స్వీట్లు పంచాను. 2023 ఫిబ్రవరిలో అది కొత్త విక్రాంత్ మీదా దిగింది. అది స్క్వాడ్రన్‌లోకి రాదని, రెండు ఇంజన్లది వస్తుందని చెప్పారు. ఆ రెండు ఇంజన్లది ఇంకా ఎగరలేదు. మిగ్‌లు ముసలివవుతున్నాయి, రఫేల్‌లు 2030 దాకా విడతలుగా వస్తాయి. ఓడలు రెండు, రఫేల్‌లు ఇరవై రెండు. ఇందులో మా అమ్మాయి వయసు పిల్లల వంతుకు ఎన్ని గంటలు వస్తాయి సర్?

ఇంకో మాట. మా పక్కనే వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2,900 ఎకరాలు జలాంతర్గాములకు సందేశాలు పంపే నౌకాదళ రేడియో కేంద్రానికి ఇచ్చారు. 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన అయింది. చెట్లు పోతాయని, మూసీ పుట్టిన నేల అని ఎంతోమంది వద్దన్నారు. దేశం కోసమన్నారు. సముద్రం లేని చోట సముద్రం కోసం అడవి ఇచ్చిన ఈ ప్రాంతపు పిల్లలకు నౌకాదళం ఏమిచ్చింది? మా అమ్మాయి కాలేజీలో ఎన్‌సీసీ అంటే ఆర్మీ విభాగమే. నేవల్ వింగ్ కావాలంటే హైదరాబాద్ పోవాలి. గల్వాన్‌లో ప్రాణమిచ్చిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు కోరుకొండ సైనిక్ స్కూల్ దాకా పోయి చదువుకున్నారు. వరంగల్‌కు సైనిక్ స్కూల్ అన్న మాట ఏళ్లుగా మాటగానే ఉంది. కూలికి వలసపోయే పాలమూరు ఇళ్లలో పుట్టిన పిల్లలకు ఎస్ఎస్‌బీ (సైన్యంలో అధికారులను ఎంచే ఇంటర్వ్యూ) అంటే ఏమిటో చెప్పే మనిషి లేడు. నేను చెప్తున్నాను, కానీ నేను ఎప్పుడూ ఓడ ఎక్కలేదు. ఒక్క నౌకాదళ పైలట్ వచ్చి ఒక పూట మా పిల్లల ముందు నిలబడితే చాలని అడిగాను. అదీ జరగలేదు.

కొత్త విక్రాంత్‌లో మహిళా అధికారులకు ప్రత్యేకంగా క్యాబిన్లు కట్టారని చదివాను. క్యాబిన్ ఉంది. విమానం కావాలి, గంటలు కావాలి, డెక్ మీద దిగడం నేర్పే మెట్టు కావాలి.

రహస్యాలు చెప్పమనడం లేదు. మొదటిది, హుక్ ఉన్న శిక్షణ విమానం కొంటారా లేదా, కొంటే ఏ ఏడాదికి వస్తుంది. రెండోది, రఫేల్ ఒప్పందంలో కొత్త పైలట్ల డెక్ శిక్షణకు ఏం ఏర్పాటు చేశారు, సిమ్యులేటర్ ఈసారైనా ఆ పనికి సరిపోతుందా. మూడోది, మహబూబ్‌నగర్, నల్గొండ, వికారాబాద్ పిల్లలకు ఎన్‌సీసీ నేవల్ యూనిట్, ఏడాదికి ఒక్కసారైనా నౌకాదళ పైలట్లతో శిబిరం. మా అమ్మాయి ఎన్‌డీఏ ఫారం నింపేలోపు కనీసం మొదటి దానికైనా తేదీతో సహా జవాబు ఇప్పించమని రెండు చేతులూ జోడించి అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక సర్కారు బడి టీచరు,
మహబూబ్‌నగర్ జిల్లా, తెలంగాణ